సైకిలు ఎక్కడుందో కథకి ఎలా తెలుస్తుంది?

ఈ మధ్య చాలామంది అడుగుతున్న ప్రశ్న ఇది. కొత్త ఊరికి వెళ్తాం. పక్కన గైడు ఉండడు. సైకిలు అద్దెకు తీసుకుని, ఫోను జేబులో వేసుకుని, చెవికి చిన్న స్పీకరు తగిలించుకుని బయల్దేరతాం. ఫలానా వీధి మలుపు తిరగ్గానే ఆ వీధి కథ చెవిలో మొదలవుతుంది. మనం ఏ బటనూ నొక్కలేదు. మరి మనం అక్కడికి వచ్చిన సంగతి కథకి ఎవరు చెప్పారు? ఉపగ్రహం పైనుంచి మనల్ని చూస్తోందా? నెట్ పోతే కథ కూడా ఆగిపోతుందా?

ఇలాంటి సవారీని ఈ అధ్యాయంలో శ్రవణయాత్ర అందాం. దాని లోగుట్టు తెలుసుకోవడానికి యానాం కంటే మంచి ఊరు నాకు తోచలేదు. మొత్తం 30 చదరపు కిలోమీటర్లు. 2011 లెక్కల ప్రకారం 55,626 మంది జనం. చుట్టూ ఆంధ్రప్రదేశ్, పాలన మాత్రం సుమారు 870 కిలోమీటర్ల అవతల ఉన్న పుదుచ్చేరి నుంచి. డెల్టా నేల కాబట్టి అంతా బల్లపరుపు, తొక్కలేక దిగి నెట్టాల్సిన ఎత్తు ఎక్కడా ఉండదు. గోదావరి పాయ గౌతమి ఒడ్డునే ఊళ్లు, పేటలు ఒకదాని పక్కన ఒకటి సాగిపోతాయి. కారులో వస్తే చూసీ చూడకుండా దాటేస్తాం. నడిస్తే ఎండకి సగంలోనే కూలబడతాం. సైకిలుకి సరిగ్గా సరిపోయే కొలత ఇది.

చెవిలో కథ చెప్పే యంత్రం మరీ కొత్తదేమీ కాదు. 1952లో ఆమ్‌స్టర్‌డాంలోని స్టెడెలిక్ మ్యూజియంలో సందర్శకుల చేతికి చిన్న రేడియో పెట్టెలు ఇచ్చారు. ప్రసంగం గాలిలో ప్రసారమయ్యేది. అందరూ ఒకే మాటని ఒకే క్షణంలో వినేవారు, అందరూ కలిసే తర్వాతి బొమ్మ దగ్గరకి కదిలేవారు. అంటే అక్కడ కథ వెనక మనిషి నడిచాడు. మనిషి వెనక కథ నడవాలంటే, అతను ఎక్కడున్నాడో యంత్రానికి తెలియాలి. ముందు ఆ ముడి విప్పుదాం.

మూడు చెట్లు, మూడు తాళ్లు

ఒక కొబ్బరితోటలో మీ కళ్లకి గంతలు కట్టారనుకోండి. ఒక చెట్టుకి 20 మీటర్ల తాడు కట్టి రెండో కొస మీ చేతికిచ్చారు. తాడు బిగుతుగా ఉంది. మీరెక్కడున్నారు? ఆ చెట్టు చుట్టూ 20 మీటర్ల దూరాన గీసిన గుండ్రని గీత మీద ఎక్కడైనా ఉండొచ్చు. ఇంకో చెట్టు నుంచి 15 మీటర్ల తాడు కూడా అందించారు. రెండు గుండ్రని గీతలు రెండే చోట్ల ఒకదాన్నొకటి కోసుకుంటాయి కాబట్టి మీరు ఆ రెండింటిలో ఒక చోట ఉన్నారు. మూడో చెట్టు తాడు చేతికి వచ్చిందంటే ఇక అనుమానం లేదు, ఒక్క చోటే మిగులుతుంది. ఏ చెట్టు ఎక్కడుందో, ఏ తాడు పొడవెంతో తెలిస్తే చాలు, కళ్లు తెరవకుండానే మీ చోటు చెప్పేయొచ్చు.

జీపీఎస్ ఉపగ్రహాలు ఆ చెట్లు. భూమికి సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరుగుతూ ప్రతి ఒక్కటీ రెండే ముక్కలు చాటుతూ ఉంటుంది: నేను ఇక్కడున్నాను, నా గడియారంలో ఇప్పుడు ఇంత టైము అయింది. ఆ కబురు రేడియో అలల మీద సెకనుకి 3 లక్షల కిలోమీటర్ల వేగంతో వస్తుంది. అయినా మన జేబు దాకా రావడానికి సెకనులో సుమారు పదిహేనో వంతు పడుతుంది. ఆ ఆలస్యాన్ని కొలిస్తే తాడు పొడవు తెలిసినట్టే.

ఇబ్బంది ఎక్కడొస్తుందంటే, ఉపగ్రహాల్లో ఉన్నవి పరమాణు గడియారాలు, ఫోనులో ఉన్నది చవక గడియారం. అది సెకనులో పదిలక్షో వంతు తప్పినా తాడు పొడవులో 300 మీటర్ల తేడా వస్తుంది. చర్చి ముందు వినాల్సిన కథ ఏ పక్కవీధిలోనో మొదలవుతుంది. అందుకే నాలుగో ఉపగ్రహం కావాలి. నాలుగు కబుర్లనీ ఒకదానితో ఒకటి సరిపోల్చి, ఫోను తన గడియారం తప్పుని తనే పట్టుకుంటుంది. ఇంకో సర్దుబాటు కూడా ఉంది. ఐన్‌స్టీన్ చెప్పినట్టు, అంత ఎత్తున అంత వేగంగా తిరిగే గడియారం నేల మీది గడియారం కంటే రోజుకి సెకనులో పదిలక్షో వంతులు 38 చొప్పున ముందుకి పరిగెడుతుంది. దాన్ని ముందే సరిచేసి ఉంచకపోతే ఒక్క రోజులోనే 11 కిలోమీటర్ల తప్పు పేరుకుపోతుంది. యానాం హద్దులే దాటిపోతాం! ఒక శతాబ్దం కిందటి సాపేక్ష సిద్ధాంతం సైకిలు తొక్కేవాడి జేబులో పనిచేస్తోందని తలుచుకున్నప్పుడల్లా నాకు ఒళ్లు పులకరిస్తుంది.

కాబట్టి ఉపగ్రహం మనల్ని చూడటం లేదు. అది చాటింపు వేస్తుందంతే, మన ఫోను వింటుంది. మనం విన్నామో లేదో దానికి తెలియదు. నెట్ కూడా అక్కర్లేదు. నెట్ ఉంటే ఏ ఉపగ్రహం ఎక్కడుందో ఫోనుకి చటుక్కున తెలుస్తుంది. లేకపోతే ఆ వివరాలు ఉపగ్రహం నోటినుంచే వినాలి, అది చాలా నిదానంగా చెబుతుంది కాబట్టి అర నిమిషమో అంతకు మించో పడుతుంది. బయల్దేరే ముందు ఆరుబయట కాసేపు నిలబడితే ఆ పని అయిపోతుంది. కథలు ముందే ఫోనులోకి దించుకోవచ్చు. మాట్లాడే గొంతుకి సరిపోయే మామూలు నాణ్యతలో గంట కథ 30 మెగాబైట్లకి మించదు.

ఇప్పటి ఫోన్లు జీపీఎస్ ఒక్కదాన్నే కాకుండా అనేక దేశాల ఉపగ్రహాలని కలిపి వింటాయి. వాటిలో మన నావిక్ కూడా ఉంది. దాని మొదటి ఉపగ్రహం 2013 జులై 1న మన శ్రీహరికోట నుంచే పైకి లేచింది.

గిరి ఎక్కడ గీయాలి?

మనమున్న చోటు తెలిసింది. ఇప్పుడు కథకి కూడా ఒక చోటు ఇవ్వాలి. పటం మీద చర్చి ముందు ఒక చుక్క పెట్టి, దాని చుట్టూ కంటికి కనబడని గిరి గీస్తారు. ఈ పని చేసేవాళ్లు దాన్ని జియోఫెన్స్ అంటారు, మనకి గిరి చాలు. ఫోను గిరిలో అడుగుపెట్టగానే కథ మొదలవుతుంది.

గిరి ఎంత పెద్దది ఉండాలన్నది చిన్న ప్రశ్నలా కనబడుతుంది గాని, శ్రవణయాత్ర బాగుండటం, చెడటం చాలావరకు అక్కడే తేలిపోతుంది. ఆకాశం బాగా కనబడే చోట ఫోను చెప్పే స్థానంలో తప్పు 5 మీటర్ల దగ్గర ఉంటుంది. గౌతమి ఒడ్డున, ఏటిగట్టు మీద అడ్డేమీ లేదు కాబట్టి అక్కడ దాని మాట నమ్మొచ్చు. ఇరుకు వీధుల్లో అలలు గోడలకి తగిలి, దారి మళ్లి, ఆలస్యంగా వస్తాయి. తాడు ఒక గోడ చుట్టూ తిరిగి వచ్చినట్టు లెక్క పెరుగుతుంది. అక్కడ 10 మీటర్ల గిరి గీస్తే ఫోను దాన్ని చూడకుండానే దాటిపోవచ్చు. మరీ వందేసి మీటర్ల గిరులు గీస్తే పక్కపక్క కథలు ఒకదాని మీదొకటి పడి గందరగోళమవుతుంది. పాతయానాం వీధుల్లో చెప్పుకోదగ్గ చోట్లు దగ్గర దగ్గరగా ఉంటాయి. అక్కడ సైకిలు దిగి, నడిపించుకుంటూ వెళ్లమని చెప్పడమే మంచి పద్ధతి.

దిశ కూడా చూసుకోవాలి. ఎడమవైపు గుడి చూడండి అని కథ చెప్పిందనుకోండి. ఎదురుదిక్కు నుంచి వచ్చినవాడికి గుడి కుడివైపున ఉంటుంది. వరసగా వచ్చిన రెండు మూడు చుక్కలని కలిపితే మనిషి ఎటు పోతున్నాడో ఫోనుకి తెలుస్తుంది, ఆ దిశని బట్టి కథని ఎంచొచ్చు. ఇది కదిలే సైకిలుకే పనికొస్తుంది. ఆగిన సైకిలు చుక్క ఆ నాలుగైదు మీటర్ల తప్పులోనే ఇటూ అటూ దొర్లుతూ ఉంటుంది, దాన్ని నమ్మి దిశ చెబితే తప్పుతుంది. అందుకని కథ రాసేవాళ్లు ఎడమ, కుడి అనే మాటలకంటే ఏటివైపు, బజారువైపు అనే మాటలని ఆశ్రయించడం మేలు. మన ఊళ్లలో దారి అడిగితే చెప్పే తీరు కూడా అదే.

ఇక అసలు లెక్క. తీరుబడిగా తొక్కే సైకిలు గంటకి 12 కిలోమీటర్లు పోతుంది. అంటే నిమిషానికి 200 మీటర్లు. నిమిషం కథ చెప్పాలంటే 200 మీటర్ల రోడ్డు కావాలి. రెండు నిమిషాల కథని చర్చి గేటు దగ్గర మొదలుపెడితే, అది పూర్తయ్యేసరికి చర్చి 400 మీటర్లు వెనకబడిపోతుంది. కాబట్టి పరిచయం 200 మీటర్ల ముందే మొదలవ్వాలి, గేటు దగ్గరకి వచ్చేసరికి ‘ఇక్కడ ఆగండి’ అనాలి, అసలు కథ ఆగాక చెప్పాలి. శ్రవణయాత్ర రాసేవాడికి కలంతో పాటు కొలతటేపు కూడా కావాలి.

గాలి మింగేసే హల్లులు

సైకిలు మీద వినడం, ఇంట్లో కూర్చుని వినడం ఒకటి కాదు. గాలి చెవి అంచుకి తగిలి చిన్న చిన్న సుడులు తిరుగుతుంది. ఆ సుడులే హోరు. వేగం పెరిగేకొద్దీ హోరు చాలా త్వరగా పెరుగుతుంది. మాటలో అచ్చులకి బలం ఎక్కువ, హల్లులకి తక్కువ. కాలు, పాలు, తాలు, చాలు అనే మాటలు చెప్పి చూడండి. తేడా అంతా మొదటి హల్లులోనే ఉంది, అది సెకనులో చిన్న ముక్క. హోరులో ఆ ముక్క పోతే నాలుగు మాటలూ ఒకేలా వినబడతాయి. పేర్లు, సంవత్సరాలు అయితే ఊహించడానికి కూడా ఆధారం ఉండదు. అందుకే తొక్కుతూ వినే భాగంలో పొట్టి వాక్యాలు, తెలిసిన మాటలు ఉండాలి. తేదీలు, పేర్లు ఆగినప్పుడు చెప్పాలి, వీలైతే రెండుసార్లు చెప్పాలి.

హోరుని గెలవడానికి చెవులు బిగించి మూసే ఇయర్‌ఫోన్లు పెట్టుకోవడం మాత్రం ప్రమాదం. వెనకనుంచి వచ్చే లారీ చప్పుడు వినబడాలి. ఎముక ద్వారా ధ్వనిని పంపే పరికరాలు దొరుకుతున్నాయి. అవి చెవి ముందున్న ఎముకని సన్నగా అదిరిస్తాయి, ఆ అదురు లోపలి చెవికి నేరుగా చేరుతుంది, చెవి రంధ్రం తెరిచే ఉంటుంది.

అయితే చెవి తెరిచి ఉన్నంత మాత్రాన మనసు తెరిచి ఉంటుందని కాదు. 1953లో కాలిన్ చెర్రీ అనే ఇంగ్లండు శాస్త్రవేత్త కొంతమందికి రెండు చెవుల్లో రెండు వేరువేరు ప్రసంగాలు వినిపించాడు. ఒక చెవిలో విన్నదాన్ని వెంటవెంటనే పైకి చెప్పమన్నాడు. వాళ్లు ఆ పని చక్కగా చేశారు. కాని రెండో చెవిలో ఏం వచ్చిందంటే దాదాపు ఏమీ చెప్పలేకపోయారు, మధ్యలో ఇంగ్లీషు జర్మనుగా మారిన సంగతి కూడా పట్టుకోలేకపోయారు. కథలో మునిగిన మనిషికి హారన్ వినబడినా మెదడు దాన్ని పక్కన పెట్టేయొచ్చు. యానాం గుండా 216వ నెంబరు జాతీయ రహదారి పోతుంది. ఎదుర్లంక వైపు గౌతమి మీదున్న బాలయోగి వంతెన ఎక్కేది ఆ రోడ్డే. ఆ రోడ్డు మీద, కూడళ్లలో కథ ఉండకూడదు. నిశ్శబ్దానికి కూడా గిరి గీయాలి.

రికార్డింగులో ఇంకో ఆకర్షణ ఉంది. కుడివైపు పుట్టిన శబ్దం ఎడమ చెవికి రవ్వంత ఆలస్యంగా, సెకనులో వెయ్యో వంతుకి కూడా తక్కువ తేడాతో చేరుతుంది. ఆ తేడాతోనే మెదడు దిక్కు కనిపెడుతుంది. బొమ్మ తలకి రెండు చెవుల చోట రెండు మైకులు పెట్టి రికార్డు చేస్తే, వినేవాడికి సంత కోలాహలం తన చుట్టూ ఉన్నట్టే ఉంటుంది. కెనడా కళాకారిణి జానెట్ కార్డిఫ్ 1991 నుంచి ఈ పద్ధతిలో నడిచేవాళ్ల కోసం అద్భుతమైన కథలు చేసింది. సైకిలు మీద మాత్రం దీన్ని ఆచితూచి వాడాలి. రికార్డింగులో వెనకనుంచి లారీ హారన్ మోగితే తొక్కేవాడు హడలిపోయి హ్యాండిలు పక్కకి తిప్పేస్తాడు. ఆ శబ్దాలు కథలోకి రానివ్వకూడదు.

యానాం ఏం చెబుతుంది?

ఇదంతా చదివాక, ఇంత తంటా ఎందుకు, ఇంట్లో కూర్చుని వింటే పోలేదా అనిపించవచ్చు. దానికి జవాబు మెదడులో ఉంది. 1971లో జాన్ ఓకీఫ్ ఎలుక మెదడులో హిప్పోకాంపస్ అనే భాగంలో చిత్రమైన కణాలని గమనించాడు. ఎలుక గదిలో ఒక మూలకి వెళ్తే ఒక కణం, ఇంకో మూలకి వెళ్తే ఇంకో కణం చురుగ్గా స్పందించేవి. చోటుని గుర్తుపట్టే ఆ కణాలని కనిపెట్టినందుకు, ఈ విషయం మీద మరింత పరిశోధన చేసిన మోసర్ దంపతులతో కలిపి ఆయనకి 2014లో నోబెల్ బహుమతి ఇచ్చారు. జరిగిన సంగతులని గుర్తుంచుకోవడానికి మనం ఆధారపడేది కూడా మెదడులోని ఆ భాగం మీదే. చోటు, కథ రెండూ ఒకే గూటికి చేరతాయి. పైగా హ్యాండిలు మన చేతిలో ఉండి, దారి మనమే వెతుక్కుంటే, బస్సులో కూర్చుని వెళ్లినప్పటికంటే ఊరి పటం మనసులో బాగా పడుతుంది.

ఇక కథలు. రాజీవ్ బీచ్ దగ్గర ఏటి ఒడ్డున మొదలుపెడదాం. యానాం దగ్గరే గౌతమి నుంచి కోరంగి పాయ విడిపోతుంది. ఆ పాయ వెంట దిగువకి పోతే మడ అడవులు, ఒకప్పటి కోరంగి రేవు. ఓడలు కట్టిన ఊరు అది. 1789, 1839 తుఫానులు దాన్ని చావుదెబ్బ తీశాయి. అక్కడినుంచి ఓడలెక్కి వెళ్లిన తెలుగువాళ్లని బర్మాలో ‘కోరంగీలు’ అనేవారు. కథకుడు ఈ మాట చెప్పి ఊరుకుంటే చాలు, ఎదురుగా ఉన్న నీళ్లు మిగతాది చెబుతాయి.

అదే ఒడ్డున ఏడాదిలో కొన్ని నెలలు మాత్రమే వినబడే కథ ఒకటి పెట్టొచ్చు. వానాకాలం ఎర్రనీరు దిగినప్పుడు సముద్రంలో ఉండే ఇలస చేప గుడ్లు పెట్టడానికి ఏటికి ఎదురీదుతూ పైకి వస్తుంది. ఏట్లోకి వచ్చాక అదే పులస. యానాం రేవులో వేలం పాడితే ఒక్క చేప వేల రూపాయలు పలుకుతుంది. గిరికి చోటుతో పాటు తేదీ కూడా షరతుగా పెట్టొచ్చు కాబట్టి జులై నుంచి సెప్టెంబరు దాకా వచ్చినవాళ్లకి పులస కథ, తక్కిన నెలల్లో వచ్చినవాళ్లకి వంతెన లేని రోజుల్లో ఏరు దాటిన కథ వినిపించొచ్చు. వరద ఎక్కువైన రోజుల్లో మాత్రం ఏటి ఒడ్డు దారిని పూర్తిగా మూసేయాలి.

అక్కడినుంచి ఊళ్లోకి. ఫ్రెంచివాళ్లు 1723లో ఇక్కడ వర్తక స్థావరం పెట్టారు. మధ్యమధ్య ఇంగ్లీషువాళ్ల చేతిలోకి పోయి వచ్చినా, 1954 దాకా ఊరు ఫ్రెంచివాళ్లదే. 1846లో కట్టిన సెయింట్ ఆన్స్ చర్చి, మీసాల వెంకన్న గుడి ఒకే సవారీలో చూడొచ్చు. కాని నా లెక్కలో యానాం కథంతా కట్టడాల్లో కంటే సరిహద్దులో ఉంది. గీతకి ఇవతల ఒక చట్టం, అవతల ఒక చట్టం. పరదేశీ సరుకుల కోసం చుట్టుపక్కల బ్రిటిషు ఊళ్లవాళ్లు యానాం మంగళవారం సంతకి వచ్చేవారు. సరుకులతోనే ఆగలేదు. 1929లో చేసిన శారదా చట్టం 1930 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చి, 14 ఏళ్లు నిండని ఆడపిల్లకి, 18 నిండని మగపిల్లవాడికి పెళ్లి చేయడం నేరమంది. ఆ చట్టం ఫ్రెంచి గడ్డ మీద చెల్లదు. అందుకని పిల్లలని బళ్లలో ఎక్కించుకుని యానాం తీసుకొచ్చి పెళ్లిళ్లు చేశారు. ఊరికి కల్యాణపురం అనే పేరు వచ్చింది. వినడానికి అందంగా ఉన్న ఆ పేరు వెనక ఎంతమంది చిన్నపిల్లల బతుకులున్నాయో శ్రవణయాత్ర దాచకుండా చెప్పాలి. సందర్శకులకి సరదా ముక్కలే వడ్డించాలని అనుకునేవాళ్లతో నేను ఏకీభవించలేను. బడి పిల్లలు కూడా ఈ దారిన సైకిళ్ల మీద వస్తారు, వాళ్లకి నిజం వినే హక్కుంది.

చివరి మజిలీ పాలనాధికారి కార్యాలయం దగ్గర. 1954 జూన్ 13న దడాల రఫేల్ రమణయ్య నాయకత్వంలో విమోచనవాదులు యానాంలోకి వచ్చి ఫ్రెంచి పాలనకి తెర దించారు. ఆ ఏడాది నవంబరు 1న పాలన భారత్ చేతికి వచ్చింది. చట్టప్రకారం విలీనం 1962 ఆగస్టు 16న పూర్తయింది.

దారి గీసేటప్పుడు గాలిని కూడా లెక్కలోకి తీసుకోవాలి. పగలు నేల త్వరగా వేడెక్కి, పైనున్న గాలి తేలిపోతే, ఆ ఖాళీలోకి సముద్రంనుంచి గాలి వీస్తుంది. మధ్యాహ్నానికి అది బలపడుతుంది. పొద్దున్నే తూర్పుకి పోయి, తర్వాత పడమటికి మళ్లేలా దారి గీస్తే తిరుగు ప్రయాణంలో గాలే వీపు తడుతుంది.

ఎవరి గొంతు?

ఇప్పుడు కంప్యూటరు గొంతులు తెలుగు కూడా చదివేస్తున్నాయి. ఖర్చు తక్కువే. కాని ఏటిగట్టు మీద ఆ ఊరి గొంతే వినబడాలి. ‘ఆయ్’ అంటూ మాట అందుకునే గోదావరి యాస, ‘అండీ’ లేకుండా ముగియని వాక్యం, మధ్యలో ఒక నవ్వు, ఒక నిట్టూర్పు. బుర్రకథలో కథకుడి పక్కన ఇద్దరు వంతలు ఉండి, ఒకరు సందేహం అడుగుతారు, ఒకరు నవ్విస్తారు. శ్రవణయాత్రకి కూడా ఒక్క గొంతు చాలదు. పడవ నడిపినవాళ్లు, సంతలో అమ్మినవాళ్లు, కల్యాణపురంలో పెళ్లి చేసుకుని వెళ్లినవాళ్ల కూతుళ్లు మాట్లాడాలి.

రికార్డు చేయడానికి స్టూడియో అక్కర్లేదు. ఫోను నోటికి జానెడు దూరంలో పెట్టండి. దూరం రెట్టింపయితే అందే ధ్వని నాలుగో వంతుకి పడిపోతుంది, గది చప్పుళ్లు మాటని కప్పేస్తాయి. ఫ్యాను ఆపండి. వాళ్ల అనుమతిని కూడా వాళ్ల గొంతులోనే రికార్డు చేయండి. ఒక్క ప్రశ్న అడిగి, వాళ్లు ఆగినా మీరు తొందరపడి మాట్లాడకుండా ఓపిక పట్టండి.

1954 జూన్‌లో పదేళ్ల వయసున్న పిల్లలకి ఇప్పుడు 80 దాటాయి. యాప్ వచ్చే ఏడాది చేసుకోవచ్చు, సైకిళ్లు ఎప్పుడైనా కొనొచ్చు. యానాంలో గాని, దాని చుట్టుపక్కల గాని మీ ఇంట్లో అలాంటి పెద్దవాళ్లుంటే, ఈ వారంలోనే వాళ్ల పక్కన కూర్చుని వాళ్ల గొంతు దాచండి.